పదో నంది

నంద్యాల చుట్టూ తొమ్మిది నందులున్నాయి. ప్రథమ నంది మొదలు మహానంది దాకా తొమ్మిదింటినీ ఒక్కరోజులో చుట్టి రావడం కార్తీక మాసంలో ఇక్కడి ఆనవాయితీ. ఈ మధ్య ఊళ్లో పదో నంది వెలిసింది. దాని పేరు వెబ్‌సైట్. బియ్యం అంగడికొకటి, నగల కొట్టుకొకటి, కోచింగ్ సెంటరుకొకటి, కల్యాణ మండపానికొకటి. లక్షణాలన్నీ నందివే. ప్రతిష్ఠించిన చోటు నుంచి కదలదు, మెదలదు, నోరు తెరవదు. తేడా ఒక్కటే: ఆ తొమ్మిదింటి దగ్గరికీ జనం పోతారు.

ప్రతిష్ఠ మాత్రం ఘనంగానే జరుగుతుంది. లాప్‌టాప్‌కు పసుపు, కుంకుమ. పక్కన నిమ్మకాయ. ఊరి పెద్దమనిషి చేత మౌసు నొక్కించి, చప్పట్లు కొట్టించి, శాలువా కప్పి, ఆ ఫొటోలనే సైటులోకి ఎక్కిస్తారు. సైటులో పడే మొదటి వార్త అదే, చివరి వార్తా అదే. కాస్త చురుకైన షావుకారైతే పండగ శుభాకాంక్షలు కూడా పెట్టిస్తాడు. 2023లో పెట్టించిన శోభకృత్ ఉగాది శుభాకాంక్షలు, క్రోధి వెళ్లిపోయినా, విశ్వావసు వచ్చినా, మామిడాకుల తోరణంతో సహా అట్లాగే వేలాడుతుంటాయి. నంద్యాల ఎండకు వాడని ఆకులు అవొక్కటే. ఇక 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా అయిందన్న కబురు కొన్ని సైట్లకు ఇంకా అందనే లేదు. అడుగున చిరునామా చూడండి, ఇప్పటికీ కర్నూలు జిల్లానే.

ఇంత నిద్రకు ముందు ఎంత మేధోమథనం జరిగిందో తెలుసుకుంటే కళ్లు చెమరుస్తాయి. గాంధీచౌక్ టీ కొట్టు దగ్గర నాలుగు మతాలవాళ్లు ఆర్నెల్లు వాదించుకున్నారు, ఏ వేదిక మీద సైటు కట్టాలని.

మొదటిది ఉచిత మతం. వీళ్ల దైవం బ్లాగర్. 1999లో పైరా ల్యాబ్స్ అనే చిన్న సంస్థ పుట్టిస్తే 2003లో గూగుల్ కొనుక్కుంది. పైసా ఖర్చు లేదు, చిరునామా చివర బ్లాగ్‌స్పాట్ అన్న తోక తప్ప. షోరూముకు పాలరాయి పరిపించి, నాలుగు ఏసీలు బిగించి, ప్రారంభోత్సవానికి బిర్యానీ పెట్టిన పెద్దమనిషే, సొంత పేరు కోసం ఏడాదికి వెయ్యి రూపాయలంటే "ఆ దుబారా ఎందుకప్పా?" అంటాడు.

రెండోది వర్డ్‌ప్రెస్ మతం. ఇది పుట్టింది కూడా ఆ 2003లోనే. లోకంలో పది సైట్లుంటే నాలుగుకు పైగా దీని మీదే నడుస్తున్నాయి. ఈ మతంలో రెండు శాఖలు. ఒకటి ఎవరైనా తెచ్చుకుని తమ హోస్టింగ్‌లో పెట్టుకోగలిగిన ఉచిత సాఫ్ట్‌వేర్. రెండోది అదే పేరుతో ఆటోమాటిక్ అనే కంపెనీ నడిపే సేవ. తను ఏ శాఖలో దీక్ష తీసుకున్నాడో చాలామంది భక్తులకు తెలియదు. తెలిసిందల్లా ప్లగిన్లు. ఐదు పేజీల సైటుకు నలభై ప్లగిన్లు తగిలించి, ఒక్కదాన్నీ అప్‌డేట్ చేయకుండా వదిలేస్తారు. ఎవడో దూరి కూర్చుంటాడు. అహోబిలం దగ్గర లాడ్జి కోసం వెతికినవాడికి జపాను అక్షరాల్లో చెప్పుల ప్రకటనలు కనిపిస్తాయి. ఓనరుకు ఆ సంగతి తెలియదు. ఆయన తన సైటు ప్రారంభోత్సవం నాటి నుంచీ చూడలేదు.

మూడోది రెడీమేడ్ మతం. విక్స్ లాంటివి. బొమ్మలు లాగి పెడితే సైటు తయారు. కట్టినంత కాలం ఉంటుంది. విసుగొచ్చి ఇంకో చోటికి పోదామంటే, ఉన్నదున్నట్టు మూటగట్టుకుని పోయే దారి లేదు, మళ్లీ మొదటి నుంచీ కట్టుకోవాల్సిందే.

నాలుగోది, యువతరం మతం: "ఇవన్నీ ఎందుకన్నా, రీలు కొడితే చాలు." ఈ మతస్థులకు గుర్తుచేయాల్సిన తేదీ ఒకటుంది. 2020 జూన్ 29. ఆ రోజు మన దేశంలో టిక్‌టాక్‌ను నిషేధించారు. అంతకుముందు రోజు దాకా దాని మీద లక్షల మంది అభిమానులున్నవాడికి మర్నాడు తన వీధివాళ్లే మిగిలారు.

ఆ మాటకొస్తే, ఏ మతంలో చేరాలనుకునేవాడైనా ముందు మూతబడ్డ వేదికల తద్దినాల పట్టిక చూసుకోవాలి. జియోసిటీస్: 2009 అక్టోబరు. ఆర్కుట్: 2014 సెప్టెంబరు 30. గూగుల్ ప్లస్: 2019 ఏప్రిల్ 2. ఇవి మన అంగళ్లకు అంత తగల్లేదు గానీ, 2024 మార్చిది మాత్రం ఇంటి చావే. గూగుల్ మ్యాపులో అంగడి పేరు నమోదు చేసుకున్నవాళ్లకు అదే కంపెనీ ఒక ఉచిత సైటు కూడా ఇచ్చేది. కొట్టు పేరు, చివర బిజినెస్ డాట్ సైట్. విజిటింగ్ కార్డు మీద అచ్చేయించడానికి, ఆటో వెనకాల రాయించడానికి అంతకన్నా ఏం కావాలి? 2024 మార్చిలో ఆ సైట్లన్నిటినీ ఒక్క కలం పోటుతో తీసేశారు. జూన్ 10 దాకా వచ్చినవాళ్లను మ్యాపు పేజీకి మళ్లించారు, ఆ తర్వాత అదీ లేదు. కార్డులు మాత్రం ఇంకా పంచుతూనే ఉన్నారు. వెయ్యి కొట్టించారు మరి, అయిపోవద్దూ?

అంత మథనం చేసి పుట్టించిన సైటులో ఏముంది? తెరవండి.

పైన సూటూ బూటూ వేసుకున్న ఇద్దరు తెల్లవాళ్లు కరచాలనం చేసుకుంటుంటారు. నంద్యాలలో మే నెలలో సూటు వేసుకుని సోనా బియ్యం బేరం చేసినవాణ్ణి మీరెవరైనా చూశారా? కింద ఇంగ్లీషులో, మేము ఈ రంగంలో అగ్రగాములం, నాణ్యతే మా ఊపిరి, వినియోగదారుడి సంతృప్తే మా ధ్యేయం. ఇదే వాక్యం పక్కనున్న పైపుల కొట్టు సైటులో ఉంది, దాని పక్కనున్న పళ్ల డాక్టరు సైటులోనూ ఉంది. ఊపిరి ఒకటే, పీల్చేవాళ్లే వేరు. ఆ కింద 'మా సేవలు' అన్న చోట లాటిన్ లాంటి భాషలో రెండు పేరాలు. సైటు నమూనాతో పాటు వచ్చిన ఉత్తుత్తి మేటరు అది, తీసి మన మాట పెట్టాల్సిన చోటు. ఎవరూ తీయలేదు. అంగట్లో ఇంత పరిశుద్ధమైన సరుకు ఇంకోటి లేదు, కల్తీ చేయడానికైనా ఎవరూ చెయ్యి పెట్టలేదు.

బియ్యం కొనేవాడికి కావలసినవి నాలుగు ముక్కలు. పాతబియ్యమా, కొత్తబియ్యమా? పాతవైతే ఎన్నాళ్లవి? బస్తా 25 కిలోలా, 26 కిలోలా? ఆదివారం అంగడి తెరుస్తారా? వీటిలో ఒక్కదానికీ సైటులో జవాబు లేదు. అడగడానికి ఒక ఫారం ఉంటుంది, పేరు, ఫోను, సందేశం. నింపి నొక్కితే ధన్యవాదాలు చెబుతుంది. ఆ సందేశం పోయి పడే మెయిలు పాస్‌వర్డు, రెండేళ్ల కింద హైదరాబాదు వెళ్లిపోయిన కుర్రాడికి తప్ప ఎవరికీ తెలియదు.

మరి తెలుగులో ఎందుకు పెట్టరు? పెట్టబోయారు. ఆ భాగోతం దగ్గరగా చూడాల్సిందే. ఫ్లెక్సీ కొట్టు డీటీపీ కుర్రాడు అనూ ఫాంటులో చక్కగా కొట్టి ఉంచిన బ్రోషర్ మేటరును, సైటు అబ్బాయి పెన్‌డ్రైవులో తెచ్చి, కాపీ చేసి, సైటులో అతికించాడు. ఫ్లెక్సీ మీద గుండ్రంగా నవ్విన 'శ్రీ' తెర మీద ఒక డాలరు గుర్తుగా, రెండు కామాలుగా విరిగిపడింది. ఆ ఫాంటు యూనికోడు కాదు మరి. యూనికోడులో తెలుగు 1991 నుంచీ ఉంది. ఫోనులో మనం రోజూ కొట్టే తెలుగు అదే. దాంట్లో మళ్లీ కొడితే గంట పని. ఆ గంట ఎవరికి ఉంది? "తెలుగు సైటుకు పడదన్నా, ఇంగ్లీషే మేలు" అని సైటు అబ్బాయి తీర్పు చెప్పాడు. నంద్యాల శెట్టి, ఆళ్లగడ్డ రైతుకు సరుకు అమ్మడానికి, మధ్యలో ఇంగ్లీషును తరుగు తీసే దళారిగా కూర్చోబెట్టుకున్నాడు. సైటు చిరునామానే తెలుగు అక్షరాల్లో, చుక్క భారత్ అని పెట్టుకునే వీలు కూడా ఉంది. ఆ ముక్క చెబితే సైటు అబ్బాయి జాలిగా నవ్వుతాడు.

ఇక అసలు కథ ఏడాది తిరిగాక మొదలవుతుంది.

"ఏమప్పా, సైటు తెరుచుకోవడం లేదంట?"

"రెన్యూవల్ కట్టాలన్నా."

"ఎంత?"

"పోయినేడు వెయ్యన్నా. ఈయేడు పన్నెండు వేలు."

"అదేంది? అంగడి పేరు మాదే గదా?"

"పేరు మీదేనన్నా. రిజిస్ట్రేషన్ మాత్రం నా మెయిలు మీదుంది."

ఈ శెట్టి సామాన్యుడు కాడు. ఐదు సెంట్ల జాగా కొనాలంటే ముప్పై ఏళ్ల ఈసీ తీయిస్తాడు. లింకు డాక్యుమెంట్లు ప్లీడరుకు చూపిస్తాడు, సర్వేయరును పిలిపిస్తాడు, పక్క పొలం వాడితో సంతకం పెట్టించుకుంటాడు. తాత పెట్టిన పేరును, యాభై ఏళ్లుగా బస్తాల మీద అచ్చవుతున్న పేరును మాత్రం, ఇంటిపేరు కూడా తెలియని కుర్రాడి మెయిలు మీద రాయించాడు. గడువు దాటిన డాట్ కామ్ పేరును వెనక్కి తెచ్చుకోవడానికి చివరికి మిగిలేది 30 రోజుల గడువు. అప్పుడూ అపరాధ రుసుము కట్టాలి. అది కూడా పోతే ఆ పేరు వీధిలో పడ్డట్టే, ఎవడైనా ఏరుకోవచ్చు. ఏరుకున్నవాడు దాని మీద పేకాట ప్రకటనలు పెట్టుకోవచ్చు. ఆ పైన శెట్టి గారి తాత పేరే ఉంటుంది.

నంద్యాల సంగతి ఇట్లా ఉంటే, కడప రోడ్డు పట్టుకుని ఆళ్లగడ్డకు పోతే నవ్వు ఆగిపోతుంది. ఎందుకంటే అక్కడ చెప్పడానికి నిజంగా విషయం ఉంది.

ఆళ్లగడ్డ శిల్పాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. అంటే ఆ ఊరి పేరుకే చట్టం కాపలా. కార్ఖానాల్లో ఒక పక్క ఉలి చప్పుడు, ఇంకో పక్క గ్రైండరు రొద, చెట్ల ఆకుల మీద దాకా తెల్లటి రాతి దుమ్ము. సగం చెక్కిన హనుమంతుడి పక్కనే పూర్తిగా చెక్కిన నాయకుడు నిలబడి ఉంటాడు. దేవుడికి తొందర లేదు, నాయకుడికి జయంతి తేదీ ఉంది.

అక్కడి స్థపతిని కదిలించి చూడండి. రాతిని సుత్తితో తట్టి, మోత విని, ఇది పురుషశిల, మూలవిరాట్టుకు పనికొస్తుంది, ఇది స్త్రీశిల, ఇది రెండూ కానిది, పునాదిలోకి పోనీ అని వేరు చేస్తాడు. ఉత్తమ దశతాళంలో విగ్రహం ఎత్తు 124 అంగుళాలంటాడు. మీరు టేపు తీస్తే నవ్వుతాడు. ఆ అంగుళం టేపు అంగుళం కాదు, ఆ విగ్రహం ఎత్తులోనే 124వ వంతు. విగ్రహం ఎంత పెద్దదైనా చిన్నదైనా మొహానికి, చేతికి, పాదానికి పొంతన తప్పకుండా కాపాడేది ఆ లెక్కే. అన్నీ అయ్యాక కళ్లు మాత్రం చివరిదాకా ఆపుతారని, నేత్రోన్మీలనం ప్రతిష్ఠ సమయంలోనే అని చెబుతాడు. ఘనపుటడుగు నల్లరాయి 75 కిలోల పైమాటే. 3 అడుగుల ఎత్తు, అడుగున్నర వెడల్పు, అడుగు మందం ఉన్న దిమ్మ కావాలంటే 340 కిలోల బరువు దించడానికి మనుషులను చూసుకోవాలి. విదేశానికి పోయే విగ్రహమైతే, దాన్ని పెట్టిన కలప పెట్టెకు శుద్ధి చేసిన ముద్ర లేకపోతే రేవులో ఆపేస్తారు.

గుంటూరు జిల్లాలో రామాలయం కట్టుకుంటున్న ఊరి పెద్దలకు, న్యూజెర్సీలో గుడి కమిటీ వాళ్లకు కావలసింది ముమ్మాటికీ ఇదే. ఇదంతా ఆయన నోట్లో ఉంది. సైటులో ఏముంది? "ఆల్ టైప్స్ ఆఫ్ స్టోన్ వర్క్స్ అండర్‌టేకన్." కింద పన్నెండు ఫొటోలు, ఏ విగ్రహం ఎన్ని అడుగులో, ఏ రాయో, ఎవరు చెక్కారో, ఎన్నాళ్లు పట్టిందో ఒక్క అక్షరం లేదు. వాటిలో రెండు మహాబలిపురం బొమ్మలు. గూగుల్‌లో వెతికి అబ్బాయి తెచ్చిపెట్టాడు. ఆళ్లగడ్డ రాళ్లు ఫొటోకు అంత బాగా పడలేదట.

ఇందులో తప్పు స్థపతిది అనేవాడి నోట్లో రాతి దుమ్ము పొయ్య. ఆయన చేతులు ఖాళీగా లేవు. తప్పు ఆయనకు వేదికలు అమ్మినవాళ్లది. సదస్సులు పెట్టినవాళ్లది. 'చేతివృత్తుల వారికి డిజిటల్ మార్కెటింగ్‌పై ఒకరోజు అవగాహన' అని ఫ్లెక్సీ కట్టి, ఏసీ హాల్లో కూర్చోబెట్టి, ఎస్‌ఈవో, లీడ్ జనరేషన్, బ్రాండ్ బిల్డింగ్ అని ఇంగ్లీషు స్లైడ్లు మధ్యాహ్నం దాకా తిప్పుతారు. మధ్యాహ్నం భోజనం బాగుంటుంది, ఆ మాట ఒప్పుకోవాలి. సాయంత్రం ఒక సంచి, ఒక సర్టిఫికెట్టు, ఒక గ్రూపు ఫొటో. ఆ ఫొటో మాత్రం ఎక్కడ పెట్టాలో అధికారులకు ఏ శిక్షణా అక్కరలేదు, నిమిషాల్లో అన్ని వేదికల మీదా ఉంటుంది. "అయ్యా, మీకు తెలిసింది ఫోనులో తెలుగులో చెప్పండి, అదే అక్షరాలుగా మార్చుకుంటుంది, తప్పులు దిద్ది పెట్టేద్దాం" అన్న ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆ రోజు భోజనం ఖర్చు గిట్టుబాటయ్యేది.

ఇక్కడొక తెలివైన ప్రశ్న వస్తుంది. ఏ సైటు చూసి పిల్లలు ఎక్కడెక్కడి జిల్లాల నుంచో బ్యాంకు కోచింగ్‌కని నంద్యాల బస్సెక్కారు? నిజమే, సైటు చూసి రాలేదు. ఉద్యోగం వచ్చిన ఒకడు తన ఊరికి పోయి, ఏ గదిలో ఉన్నాడో, ఏ మెస్సులో తిన్నాడో, లెక్కలు ఎవరు చెప్పారో, రోజుకు ఎన్ని టెస్టులు రాయించారో తమ్ముడి వరస పిల్లలకు పూసగుచ్చినట్టు చెప్పాడు. నంద్యాల పేరు నిలిచింది ఆ పూసల మీదే, అగ్రగామి అన్న మాట మీద కాదు. సైటు చేయాల్సిన పనీ అదే, ఆ పిల్లాడి నోరుగా ఉండటం. అది చేతకానప్పుడు సైటు లేకపోవడమే పరువు. కనీసం మ్యాపులో అంగడి ఎక్కడుందో, ఎప్పుడు తెరుస్తారో సరిగ్గా పెట్టి ఊరుకున్నా వెతుక్కుంటూ వచ్చేవాడికి ఉపకారం.

కాబట్టి బ్లాగరా, వర్డ్‌ప్రెస్సా అని నన్నడగొద్దు. ఏదైనా ఒకటే. పేరు మీ మెయిలు మీద, మీ ఫోను మీద కొనుక్కుంటే, వెనకాల వేదిక చచ్చినా పేరును ఇంకో చోటికి తిప్పుకోవచ్చు. బ్లాగరులోనైనా, వర్డ్‌ప్రెస్సులోనైనా రాసిందంతా దించుకుని దాచుకునే మీట ఉంది. మూడు నెలలకోసారి నొక్కితే చాలు. ఆర్నెల్ల వాదన రెండు వాక్యాల్లో తేలిపోయింది. తేలనిది మూడోది. మీరు రాయాలి. ఇన్నాళ్లూ వేదిక గురించి కొట్లాడింది ఆ పని తప్పించుకోవడానికే.

ఇప్పుడు ఆ బాధా లేకుండా చేసే సరుకొకటి బజారుకు వచ్చింది. "నెలకు ముప్పై వ్యాసాలన్నా, కృత్రిమ మేధ రాసిపెడతాది, మీరు చూడనక్కర్లేదు." రాస్తుంది, సందేహం లేదు. 'శిల్పకళ యొక్క ప్రాముఖ్యత: పది అంశాలు' అని ఐదు నిమిషాల్లో పడేస్తుంది. కానీ అది ఏనాడూ రాతిని తట్టి మోత వినలేదు. ఎవరెవరో రాసి పెట్టింది కలిపి వడ్డిస్తుంది. ఆళ్లగడ్డ స్థపతి తన రాయి గురించి ఒక్క పేజీ రాయకపోతే, ఆళ్లగడ్డ గురించి అడిగినవాడికి ఆళ్లగడ్డ మొహం చూడనివాడు రాసిందే జవాబుగా పోతుంది. ఇంటర్నెట్టులో మీ చోటు ఖాళీగా ఉండిపోదు. మీరు కూర్చోకపోతే ఇంకొకడు మీ పేరుతోనే కూర్చుంటాడు, అగ్రగామిగా.

ఈ రాత్రికి ఒక్క పని చేయండి. సైటు అబ్బాయికి ఫోను చేసి, మన అంగడి పేరు ఎవరి మెయిలు మీద ఉందని అడగండి. "మీదేనన్నా" అని వెంటనే అంటే, పాస్‌వర్డు పంపమనండి. "ఇప్పుడు అవన్నీ ఎందుకులే అన్నా" అంటే మాత్రం, పన్నెండు వేలు పక్కన పెట్టుకోండి. వచ్చే ఏడు పద్దెనిమిది.